గట్టు మాట, నీటి మాట

1981 జనవరి 12, సోమవారం

రాత్రి బడి పంతులమ్మ రోజూ నాలుగు ముక్కలు రాయమంది. రాయకపోతే వచ్చిన అచ్చరాలు కూడా పోతాయంట. ముసలితనంలో వచ్చిన అచ్చరాలు, పోతే పోనీ అన్నాను. మా కూతురు పోతమ్మ ఈ డైరీ తెచ్చి ఒళ్ళో పడేసింది. ఐసు ఫేక్టరీవోళ్ళు సేపల యాపారం సేసే ఆడోళ్ళకి పంచిపెట్టారంట. ఉత్తినే వచ్చింది గనక రాస్తన్నాను. ఎవరికీ సూపించను.

నా పేరు గరికిన పరదేశి. ఊరు జాలరిపేట. ఈ ఒడ్డున తెప్ప ఎయ్యడంలో నన్ను తప్పు పట్టినోడు నేదు. పట్టినోడు ఉంటే సచ్చిపోయుంటాడు.

ఇయ్యాల మా మేడ మీదకి జపానోడు దిగాడు. అద్దెకి. ఇచ్చింది పోతమ్మ. నన్ను అడగనేదు. హార్బరు పక్కన గవర్నమెంటు సేపల ఇస్కూలు ఒకటి పెట్టింది. అందులో జాలారి గుంటలకి, కుర్రోళ్ళకి, సేపలు పట్టడం నేర్పుతాడంట ఈడు. సేపకి ఈత నేర్పడానికి జపాను నుంచి మేష్టారు.

ఇందులో సేరినోడు ఎవడయ్యా అంటే నా కొడుకు గంగరాజు. పెళ్ళయినోడు, మీసమున్నోడు, పుస్తకం సంకలో పెట్టుకుని పోతన్నాడు. సిగ్గు నేదేటిరా అన్నాను. పోతమ్మ అడ్డొచ్చింది. నువ్వు పలక పట్టుకుని రాత్రి బడికి పోతే ముచ్చట, ఆడు పోతే సిగ్గా అయ్యా అంది. దాని నోటికి తాళం ఎయ్యడం దాని మొగుడి వల్లే కానేదు.

జనవరి 13

జపానోడు నన్ను సూసి నడుం దాకా వొంగాడు. నాను లేవనేదు.

జనవరి 19, సోమవారం

ఈడి సంగతి రాయాల.

తెల్లారకముందే లేచి మేడ గోడ మీద కూకుంటాడు. తెప్పలు ఎల్లడం సూస్తాడు. మాటా పలుకూ నేదు. గుడ్డలు ఈడే ఉతుక్కుంటాడు. సాయంత్రం పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటాడు. కోడిని ముంచితే ఈకలు ఊడొస్తాయి ఆ నీళ్ళలో. సేప మాత్రం వేడి తగలనియ్యడు. వంజరం సన్నగా కోసి, పచ్చిది, ఏదో నల్ల నీళ్ళలో ముంచి తింటాడు. పేటలో ఉన్న పిల్లులన్నీ ఇప్పుడు మా మేడ మీదే కాపరం.

నలభై రెండులో ఈళ్ళ ఇమానాలు ఒచ్చి మన రేవు మీద బాంబులేసాయి. మా అయ్య ఆరేసిన వల ఆరేసినట్టే వొదిలేసి మమ్మల్ని తోలుకుని కొండల దాకా పరిగెత్తాడు. పట్నం పట్నమంతా కాళీ. తిరిగొచ్చేసరికి వల నేదు. దొంగ ఎవడో తెలీదు, పారిపోయేలాగ సేసింది మాత్రం ఈళ్ళే. ఈ మాట పోతమ్మకి సెప్పాను. ఆ ఇమానంలో ఈయన ఉన్నాడేటి, అప్పటికి ఈయనకి పాల పళ్ళు అంది.

నూకాలు ఒచ్చింది. నా మరదలు, సేపల గంప మోసీ మోసీ మెడ సగం కిందకి దిగిపోయింది గానీ నాలిక దిగనేదు. బావా, నీ మేడ మీద జపాను సిలకుందంట, పలుకుతాదా అని అడిగింది. నిన్న దాని దగ్గర సేప కొన్నాడంట. అడిగినంత ఇచ్చీసి దండం పెట్టి పోయాడంట. నీకు లాభమే కదా ముండా అన్నాను. ఏటి లాభం బావా, బేరం ఆడనోడికి సేప అమ్మడం గోడతో సరసమాడినట్టుంటది అంది.

సేపలమ్ముకునే నూకాలుకి కూడా మర్యాద తెలుసు. ఈడికి తెలీదు.

జనవరి 25, ఆదివారం

సీతారామాంజనేయులని ఇస్కూల్లో గుమాస్తా ఉన్నాడు. గోదారి మనిషి. ముక్కకి రెండు అండీలు తగిలించి మాటాడతాడు. ఆయన ఒచ్చి, నిషిమురా గారికి ఆదివారాలు మన ఊరు చూడాలని ఉందటండి, సముద్రం తెలిసిన పెద్దాయన ఎవరైనా చూపిస్తే బాగుంటుందన్నారండి, మీరు గాక ఎవరున్నారండి అన్నాడు. ఎల్లనన్నాను. గంగరాజు కాళ్ళా ఏళ్ళా పడ్డాడు. మేష్టారి దగ్గర నా టికెట్టు ఉన్నాది అయ్యా, ఇంజను బోటు నడపడానికి ఆ టికెట్టు గావాల అన్నాడు. సరే, ఎల్లాను. ఈడు ఊరు సూస్తాడు, నాను ఈణ్ణి సూస్తాను.

యారాడ కొండ ఎక్కించాను. ఇంగిలీసోడు దానికి సేప ముక్కు పేరెట్టాడు, డాల్ఫిన్ నోస్ అని. మీద లైటుహౌసు. నేవీ సెంట్రీ కెమెరా పనికిరాదన్నాడు. జపానోడు మళ్ళీ నడుం దాకా వొంగి కెమెరా సంచిలో పెట్టీసాడు. పోనీలే అనుకున్నాను. అప్పుడు పెన్సిలు తీసాడు. కొండల్ని గీస్తన్నాడు. ఏ కొండ పక్కన ఏ కొండ, ఏది పొడుగు, ఏది పొట్టి.

జాలారోడి ఆస్తి అంతా కొండల్లో ఉంటది. నీళ్ళ మీద గీత గియ్యనేం గదా. ఏ కొండ మీద ఏ కొండ కూకుందో సూసే కదా మా సోటు మాం పోల్చుకునేది. ఈడు ఊరు సూడ్డానికి రానేదు.

గీసి గీసి సముద్రం మీదకి ఏలు పెట్టి సూపించాడు. అదేటని గుమాస్తా సేత అడిగించాడు.

నాకు పాలు ఒలికినట్టు తెల్లగా ఉన్నాది, అంతే. రెండేళ్ళ నుంచి దూరం అలగే ఉన్నాది. దగ్గిరది బాగానే కనబడతాది, ఈ అచ్చరాలు కనబడతన్నాయి. దూరమే. ఈ సంగతి ఎవరికీ తెలీదు. తెలియనియ్యను.

తెప్పలు, నెత్తళ్ళ వల ఎత్తన్నారు అన్నాను.

గుమాస్తా నవ్వాడు. అదేమిటండి, ఓడ కదండీ అది, ఇనపరాయి ఓడ, కొండంత ఉందండీ అన్నాడు. నీకు కనబడింది నువ్వు సూడు, ఓడ ఎనకాల తెప్పలున్నాయి, గట్టు మీదోడి కంటికి ఆనవు అన్నాను.

జపానోడు నవ్వనేదు. నా కళ్ళలోకి సూసాడు, వల కొనేవోడు దాని కన్నులు సూసినట్టు. నాను ఉమ్మేసాను.

జనవరి 26

జెండా పండగ. ఇస్కూల్లో బిళ్ళలు పంచారంట. గంగరాజు నాకొకటి తెచ్చాడు. పిల్లికి ఏసాను.

జనవరి 29, గురువారం

తాత పారు మీదకి ఎల్లాను. ఒక్కణ్ణే.

కొండలు కనబడనేదు. గాలిని బట్టి, నీటి లాగుడుని బట్టి తిరిగాను. రాయి కట్టిన తాడు ఏసాను, అడుగు మెత్తన. మళ్ళీ ఏసాను, మెత్తన. మూడో మాటు టక్ మన్నాది. సెయ్యి భుజం దాకా తెలిసిపోయింది, ఇదే మా తాత పారు. రాతిగుట్ట నీళ్ళ కింద ఉంటది, పైకి ఏటీ తెలీదు. సేప దాని సుట్టూ కాపరం ఉంటది. గేలం ఏస్తే రెండు వంజరాలు.

అంతలో ఇంజను సప్పుడు. ఇస్కూలు బోటు. నా మీదకే ఒచ్చింది. తెడ్డు ఎత్తి తిట్టాను. ఏటయ్యిందో, బోటు సర్రున తిరిగి దూరంగా పోయింది.

బయమేసుంటది.

ఫిబ్రవరి 8, ఆదివారం

సింహాచలం. బస్సులో నిలబడి ఎల్లాం. జపానోడు కండక్టరుకి కూడా దండం పెట్టాడు. గుళ్ళో ప్రసాదం పులిహోర ఆకులో పెడితే మిరపకాయ నమిలీసి కళ్ళంట నీళ్ళు కారుస్తా నవ్వాడు. కోతి ఈడి టోపీ పట్టుకుపోయింది. అరటిపండు సూపించి తెచ్చుకున్నాడు. ఆ ఒక్కటీ బాగా సేసాడు.

మెట్ల మీద నీళ్ళు పడున్నాయి. నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇదిలించీసాను.

ఈమధ్య పేట గుంటల దగ్గర పది ముక్కలు నేర్సుకున్నాడు. నన్ను తాతా అంటన్నాడు. తాతా, ఎర్ర ఓడ? అంటాడు. నాను అవునంటాను. తాతా, రెండు కొండ, మద్దెలో పొగ? అవునంటాను. తాతా, తెల్ల మేఘం, కింద సముద్రం? అవునంటాను. ఎన్ని అడిగినా జవాబు సెప్పాను. ఒక్కటీ తప్పు పోనేదు. గుమాస్తా కూడా ఈ మాటు నవ్వనేదు.

ఫిబ్రవరి 9

తెల్లారాక బుర్రకెక్కింది. ఆడు అడగనేదు. నాకు సెప్పాడు.

సూపించడానికి ఎల్లింది నాను. సూపించింది ఆడు.

జాలరిపేట పరదేశికి ఒక పచ్చిసేపల తిండిబోతు కళ్ళు అరువిచ్చాడు. ఇంక ఆదివారం ఎల్లను.

ఫిబ్రవరి 20

పారు దొరకనేదు. ఎండెక్కేదాకా తిరిగాను. తాడు ఏసినప్పుడల్లా మెత్తనే.

మార్చి 3, మంగళవారం

అన్నం దగ్గర గంగరాజు అడిగాడు. ఎల్లుండి పరీచ్చంట. ఎవడి వంతుకి ఆడు బోటు తీసుకెల్లి వల లాగి సేపతో రావాల. మేష్టారు బోటులో ఉంటాడు గానీ సుక్కాని ముట్టుకోకూడదంట, దారి సెప్పకూడదంట. పాసయితే టికెట్టు.

అయ్యా, తాత పారు మీదకి ఎల్తాను, ఒట్టు తీసీ అన్నాడు.

ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ రాయాల. తెలీనోడికి తెలీదు. తెలిసినోణ్ణి నాను ఒక్కణ్ణే ఉన్నాను.

పారు ఎక్కడుందో సెప్పే మాటలు మా ఇంట్లో రెండు. ఒకటి గట్టు మాట. ఒకటి నీటి మాట. గట్టు మాట తప్పు మాట. గట్టు మీద గోడలకి సెవులుంటాయి గనక గట్టు మీద తప్పే సెప్పాల. లైటుహౌసు మీద సింహాచలం కొండ కూకోవాల, ఉత్తరాన భీమిలి కొండ రెండు మూపురాలుగా ఇడిపోవాల. ఇది గట్టు మాట. రాస్తే ఏటీ పోదు. దీన్ని నమ్ముకుని ఎల్లినోడు పాత ఇనప ఓడ మునిగిన సోటికి పోతాడు. వల అక్కడే ఇడిసిపెట్టి ఇంటికి రావాల. దొంగకి మా తాత ఏసిన శిచ్చ అది.

గట్టు మాట కొడుక్కి జోలపాటలాగ నేర్పుతాం. అది తప్పని కొడుక్కి కూడా తెలీకూడదు. తెలిస్తే ఇంకోడికి సెప్పినప్పుడు మొకంలో దొరికిపోతాడు. నాను బతికుండగా అక్కడికి వల తీసుకెల్లొద్దని ఒట్టు ఏయించుకుంటాం. తరవాత ఒక రోజు తండ్రి కొడుకుని తెప్ప మీద పారు దాకా తీసుకెల్తాడు. సముద్రం నీళ్ళు దోసిట్లో పోస్తాడు. అప్పుడు సెప్తాడు నీటి మాట. ఒక్కసారే. నీటి మాట ఇక్కడ రాయను. గట్టు మీద కూకుని రాస్తన్నాను గదా.

గంగరాజుకి నాను సెప్పనేదు. తాగుడు మానితే సెప్దారనుకున్నాను. మానాడు. పెళ్ళయితే సెప్దారనుకున్నాను. అయ్యింది. అంతలో ఇస్కూల్లో సేరాడు. జపానోడి కాడ నేర్సుకునేవోడికి మా తాత మాట ఎందుకు?

లైటుహౌసు మీద సింహాచలం కొండ, ఉత్తరాన భీమిలి రెండు మూపురాలు, అదే కదా అయ్యా అన్నాడు. సిన్నప్పటి రాగంతోనే అన్నాడు.

అదే అన్నాను.

ఒట్టు తీసావా అన్నాడు.

తీసీసాను అన్నాను. బోటులో జపానోడు ఉంటాడు, ఆడి పెట్టిలో యంత్రం ఉంటది, సముద్రం అడుగు కాయితం మీద గీస్తాదంట. ఆడి ముందు నా పారు ఇప్పి పెడతానా. పోనీ. ఒక్క వల పోతే పోనీ. అదీ గవర్నమెంటు వల.

మార్చి 5, తెల్లారి 4 గంటలు

గంగరాజు లేచాడు. పోతమ్మ సద్దన్నం కట్టింది. గుమ్మం దాటతా నా కాళ్ళకి దండం పెట్టాడు. ఎప్పుడూ పెట్టడు.

మేడ మీంచి ఆడు దిగాడు. ఇద్దరూ ఎల్తన్నారు. పిలిస్తే ఇంకా ఇనబడతాది.

పిలవనేదు.

అదే రోజు, సాయంత్రం

వల పోయింది. వలతో పాటు ఇనప తాడు, వల నోరు తెరిసి పట్టే బల్లలు అన్నీ పోయాయంట. అడ్డం పడగానే బోటు ముందుకాళ్ళు ఇరిగిన గుర్రంలాగ ఒరిగిందంట. మేష్టారు గొడ్డలితో తాడు నరికీకపోతే మనుషులే పోయేవోళ్ళు అని నూకాలు సెప్పింది. హార్బరంతా ఇదే మాటంట. సెప్పి నా మొకంలోకి సూసింది. ఏటి సూస్తావు అన్నాను. ఏటీ నేదు బావా, నీ కొడుకు బతికొచ్చాడు గదా, కోడిని కొయ్యవా అంది.

మనుషులు పోతారని మా తాత సెప్పనేదు. ఆ రోజుల్లో ఇంజన్లు నేవు. తెప్ప మీద వల తగులుకుంటే సేత్తో ఒదిలీడమే.

మార్చి 6, శుక్రవారం

గంగరాజు ఇంటికొచ్చాడు. కూకోనేదు. నిలబడే మాటాడాడు.

టికెట్టు ఆపీసారంట. పెద్దాఫీసరు అరిచాడంట. తప్పు నాది, పంతులుగా నాను ఆపాల్సింది అని జపానోడు కాయితం రాసిచ్చాడంట. వచ్చే ఏడు వరకూ ఉండాల్సినోణ్ణి ఏప్రిల్లో ఇంటికి పంపించీస్తన్నారంట.

మంచిది అన్నాను.

అప్పుడు అడిగాడు. అయ్యా, అది పారు కాదని నీకు తెలుసా? తెలిసే ఒట్టు తీసావా?

నాను పొగాకు సుట్ట సుట్టుకుంటన్నాను. సుట్టుకుంటానే ఉన్నాను.

గంగరాజు గొంతు పెంచనేదు. పారు ఎక్కడుందో మేష్టారికి జనవరి నుంచి తెలుసు అన్నాడు. పెట్టిలో పెన్ను ఒక దగ్గర ఎగిరిందంట. తల ఎత్తి సూస్తే అక్కడ నువ్వు ఒక్కడివే తెప్ప మీద తెడ్డు ఎత్తి తిడతన్నావు, అప్పుడే సుక్కాని తిప్పీసాడు. ఆ రోజు నుంచి అటు ఎల్లినప్పుడల్లా సుట్టు తిరిగి పోతన్నాం. నూనె దండగ కదా మేష్టారూ అంటే, తాతది అని ఒక్క ముక్క అంటాడు, నీ గేలాల సోటు అనుకున్నాను గానీ పారని నిన్ననే తెలిసింది. ఆ పెన్ను గీసిన కాయితం కూడా ఆ దగ్గర సింపీసాడు. మాకెవ్వరికీ మళ్ళీ సోటు దొరక్కుండా, దాన్ని పోల్చే కొండలకి అడ్డంగా నిలబడి మాటల్లో పెట్టీవోడు అన్నాడు.

నీకంటే ఆడే నయం, నా దగ్గర దాసాడు గానీ నాకు అబద్ధం సెప్పనేదు అని ఎల్లిపోయాడు. హార్బర్లో పడుకుంటాడంట.

మార్చి 7

కూడు సయించనేదు. నా పారు నాకే బిచ్చం ఏసాడు జపానోడు.

మార్చి 9, సోమవారం

గుమాస్తాని పిలిపించాను. మేడ ఎక్కాను. నా మేడ నాను ఎక్కడం ఈ ఏడు ఇదే మొదలు. ఆడు సాప మీద కూకుని గుండీ కుట్టుకుంటన్నాడు. లేచి వొంగాడు.

అడుగు అన్నాను గుమాస్తాతో. నా పారు నుంచి బోటు తిప్పమని నిన్నెవడు అడిగాడు? నీ దయ నాకెందుకు?

ఆళ్ళ బాసలో ఆళ్ళు మాటాడుకున్నారు. గుమాస్తా సెప్పాడు. ఆయన తండ్రి గారు కూడా చేపలు పట్టేవారేనటండి. వాళ్ళ ఊళ్ళోనూ ఇంటింటికీ ఒక చోటుంటుందటండి. పక్కింటివాడికి అబద్ధమే చెబుతారటండి. అలాంటి చోటు మీదకి పరాయివాడు పోకూడదని తిప్పేశారటండి. దయ కాదటండి.

అయితే మా గంగరాజు ఇనప ఓడ మీదకి పోతంటే ఏల ఆపనేదో అడుగు అన్నాను. నీ పెట్టిలో ఆ ఓడ ఉండుండాల గదా.

ఆడు కింద సాప వైపు సూస్తా సెప్పాడు. గుమాస్తా కూడా ఎంటనే తిరగెయ్యనేదు. కళ్ళజోడు తీసి తుడిసాడు.

మ్యాపులో అక్కడ మునిగిన ఓడ గుర్తు ఉందటండి. గంగరాజు చుక్కాని దగ్గర పాటలా ఏదో అనుకుంటూ అటు తిప్పాడటండి. అదేమిటని అడిగితే మా అయ్య చెప్పిన మాట అన్నాడటండి. తండ్రి కొడుక్కి చెప్పిన మాట నిజమే అయ్యుంటుంది, ఇది మీ ఇంకో చోటేమో, మ్యాపే తప్పయ్యుంటుంది అనుకున్నారటండి.

కింద నూకాలు ఎవరినో తిడతంది. అది ఇనబడింది. ఇంకేటీ ఇనబడనేదు.

సాయంత్రానికి గది కాళీ సెయ్యమను అన్నాను.

గుమాస్తా, ఏం మనిషివండీ నువ్వు అన్నాడు. అండీ పెట్టే అన్నాడు.

మార్చి 10

ఎల్లిపోయాడు. ఇస్కూలు షెడ్డులో ఉంటాడంట. పోతా పోతా గది తడిగుడ్డతో తుడిసి పోయాడు. పోతమ్మ సేత మళ్ళీ కడిగించాను. కడుగుతా అది ఏడిసింది. ఆడేవఁన్నా నీకు మొగుడా అన్నాను. సీపురు నా వైపు ఇసిరింది. తగల్లేదు.

పిల్లులు పొద్దస్తమానం మెట్ల మీద కూకుని అరిసాయి.

ఏప్రిల్ 2, గురువారం

దొరికిపోయాను.

ఒడ్డున గంగరాజు నిలబడున్నాడు. ఇన్నాళ్ళకి ఒచ్చాడనుకుని, రారా, ఎంతసేపు నిలబడతావు, నీ ఇల్లు గాదా అన్నాను. పలకనేదు. మళ్ళీ పిలిసాను. ఎనకాల నూకాలు గంప దింపి, బావా, అది వల ఆరేసిన రాట అంది. ఎగతాళి సెయ్యనేదు. అది ఎగతాళి సెయ్యకపోవడం నాను ఇదే మొదలు సూడ్డం.

పోతమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. పొరలంట. ముదిరాక కోస్తారంట. కోసినా కొండలు మునపట్లాగ కనబడతాయని సెప్పలేనన్నాడు.

కొండలు కనబడకపోతే పారు దాకా ఎల్లలేను. పారు దాకా ఎల్లకపోతే నీటి మాట సెప్పకూడదు. సెప్పకుండా సస్తే తాత పారు నాతో పోతాది. రాతిగుట్ట అక్కడే ఉంటది. మాది కాకుండా పోతాది. గంగరాజు దగ్గర మిగిలేది ఆ జోలపాట ఒక్కటే, ఆడు దాన్ని ఆడి కొడుక్కి కూడా పాడడు ఇంక.

ఏప్రిల్ 8, బుధవారం

హార్బరుకి నడిసి ఎల్లాను. దారి అడిగాను. జాలరిపేట పరదేశి సముద్రానికి దారి అడిగాడు, రాసుకోండి.

గంగరాజు ఇంజనుకి గ్రీసు రాస్తన్నాడు. రేపు తెప్ప తియ్యి, పనుంది అన్నాను.

తెప్ప ఎక్కను అన్నాడు. వస్తే నువ్వే ఈ బోటు ఎక్కు అన్నాడు.

ఇంజను బోటు ఎక్కనని హార్బరు కట్టిన నాడే గంగ మీద ఒట్టేసాను, ఆడికి తెలుసు. నా ఒట్టు నువ్వు తీసావు గదా, నీ ఒట్టు నువ్వు తీసుకో అన్నాడు. నా కొడుకే. అనుమానం నేదు.

సరే అన్నాను.

ఇంకోటుంది అన్నాడు. మేష్టారు లేకుండా ఇస్కూలు బోటు రేవు దాటకూడదు, రూలు. ఆయన పదిహేనో తారీకు బండెక్కీస్తాడు. ఆదివారం అడుగుతాను అన్నాడు.

ఆడు ఉండగా ఆ మాట సెప్పనన్నాను.

అయితే సెప్పకు అని గ్రీసు రాసుకున్నాడు.

ఏప్రిల్ 12, ఆదివారం, తెల్లారి 4 గంటలు

పంచె మార్సుకున్నాను. పోతమ్మ సద్దన్నం మూడు మూటలు కట్టింది. మూడోది ఎవరికని అడగనేదు. ఎల్తన్నాను.

అదే రోజు

యంత్రం పెన్ను నాకంటే ముందే ఎగిరింది. ఇంజను ఆపించాను.

ఏ కొండ మీద ఏది కూకుందో గంగరాజు సూసి సెప్పాడు. సరే అన్నాను. నీళ్ళు ముంచి ఆడి దోసిట్లో పోసాను. అల తగిలి సగం బోటులో పోయాయి.

నోరు తెరిసాను. గంగరాజు ఎనక్కి సూసి ఆగిపోయాడు. ఏటిరా అన్నాను.

మేష్టారు బోటు సివర మనకి ఈపు పెట్టి నిలబడ్డాడు అయ్యా, రెండు సెవులూ సేతుల్తో మూసుకున్నాడు అన్నాడు.

పది ముక్కలకి మించి తెలుగు రాదు ఎదవకి.

సెప్పాను. గట్టిగానే సెప్పాను.